ఆ ఇంట్లో జ్వరం అనకూడదు

ఘాజియాబాద్‌లో ఒక ఆరో అంతస్తు ఫ్లాట్‌లో మూడు నెలలుగా కొన్ని మాటలకు ప్రవేశం లేదు. క్యాన్సర్ అనకూడదు, "ఒంట్లో నలత" అనాలి. కీమో అనకూడదు, "సెలైన్" అనాలి. నొప్పి, జ్వరం, భయం అసలే అనకూడదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, మనిషి నోట ఏ మాట వస్తే దానికి తథాస్తు అనేస్తారు. అందులోనూ సంధ్యవేళ వాళ్ల చెవులు మరీ పదును. ఈ చట్టం చేసింది ఆ ఇంటి రోగి అన్నపూర్ణేశ్వరే. అమలు చేసేది ఆమె భర్త త్యాగరాజు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు గానీ, నోరు మూసుకుంటే రొమ్ములో గడ్డ కరుగుతుందని ఏ పెద్దలూ అనలేదు. ఆ సంగతి వాళ్లకు చెప్పేవాళ్లెవరు?

ఆమె తెలివితక్కువ మనిషేం కాదు. కాకినాడ నుంచి ఇరవై మూడో ఏట ఢిల్లీ వచ్చి, కేంద్ర ప్రభుత్వంలో ముప్పై ఏళ్లుగా స్టెనోగ్రాఫర్‌గా చేస్తోంది. పదకొండు మంది అధికారుల మాటలు పొల్లుపోకుండా రాసుకుంది. తన నోటి నుంచి మాత్రం ఆఫీసులో "యస్ సర్" తప్ప పెద్దగా ఏదీ రాలేదు. రిపోర్టు వచ్చిన రోజు కూడా చేతిలో పని ముగించుకుని ఇంటికొచ్చి, అప్పుడు భర్తకు చెప్పింది. ఆ తర్వాత వారం రోజులు కంటి మీద కునుకు లేదు.

అప్పుడు దొరికింది ప్రాణాయామం. అపార్ట్‌మెంట్ పార్కులో పొద్దున్నే నేర్పించే ప్రీతి అనే అమ్మాయి దగ్గర చేరింది. నాలుగు లెక్కపెడుతూ గాలి తీసుకోవాలి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. అది నిజంగానే పనిచేసింది. సూది గుచ్చేటప్పుడు చెయ్యి వణకడం తగ్గింది, నిద్ర పట్టింది, తగ్గుతుందన్న ఆశ పుట్టింది. ఆసుపత్రిలో డాక్టర్ సాత్విక తెలుగమ్మాయే. "మానకండి ఆంటీ, చాలా మంచిది. కానీ జ్వరం వంద దాటిందంటే మాత్రం గంటలో ఇక్కడ ఉండాలి. కీమో తర్వాత కొన్నాళ్లు మీ ఒంట్లో రోగంతో పోరాడే కణాలు ఉండవు" అని చెప్పింది. పదకొండు మంది అధికారుల మాట పొల్లుపోనివ్వని మనిషి, ఈ డాక్టరమ్మ మాటలో సగమే రాసుకుంది.

మూడో కీమో అయిన పదో రోజు, మధ్యాహ్నం రెండింటికి వణుకు మొదలైంది. థర్మామీటరు నూట రెండు చూపించింది. భర్తను పిలవబోయి ఆగిపోయింది. నోటితో అంటే నిజమైపోతుంది, ఇన్నాళ్లూ కూడగట్టుకున్న ధైర్యమంతా కూలిపోతుంది. థర్మామీటరును చీరల మధ్య దాచి, జ్వరం మాత్ర మింగి, దుప్పటి కప్పుకుంది. ఒంటి మీద చన్నీళ్లు పారుతున్నట్టు ఊహించుకుంటూ నాలుగు, ఆరు, నాలుగు, ఆరు. కొంగున నిప్పు కట్టుకుని చల్లగా ఉందనుకుంటే కాలడం మానుతుందా?

ఐదున్నరకు కూతురు వీణ నోయిడా ఆఫీసు నుంచి వచ్చింది. మంచినీళ్లు అందిస్తూ తల్లి చెయ్యి తగిలి ఉలిక్కిపడింది.

"మమ్మీ, ఆప్‌కో బుఖార్ హై!" జ్వరమన్న మాట హిందీలో బయటికొచ్చేసింది.

"వీణా! సంధ్యవేళ ఆ మాటేంటే!" త్యాగరాజు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాడు.

"హిందీలోనే కదా అన్నాను నాన్నా."

"ఏ భాషైతేనేం?" అన్నాడాయన. ఇన్నేళ్లుగా ఢిల్లీ మీద తిరుగుతున్న దేవతలకు ఆపాటి హిందీ రాకుండా ఉంటుందా అని ఆయన భయం. భార్య వైపు తిరిగాడు. "కాస్త వెచ్చబడ్డావా అన్నపూర్ణా?"

"ఏం లేదండీ, బాగానే ఉన్నాను." పళ్లు టకటక కొట్టుకుంటూనే అన్నదామె.

"డాక్టర్ చెప్పింది కదా, గంటలో రమ్మని! కారు తియ్యండి, ప్లీజ్," అంది వీణ.

హైవే మీద కారు నత్తనడక నడిచింది. వెనక సీట్లో అన్నపూర్ణేశ్వరి కళ్లు మూసుకుని లెక్కపెట్టుకుంది. ఆరు దాకా పోవలసిన శ్వాస మూడు దగ్గరే తెగిపోతోంది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ మూడే. ఇలా ఎప్పుడూ కాలేదు. ఇంతలో నుదుట చెమట పోసింది. త్యాగరాజు అద్దంలో చూసి, "చెమట పట్టిందిగా, ఇంక నెమ్మదించినట్టే" అన్నాడు. అది మాత్ర మహిమ అని ఆ కారులో ఆమె ఒక్కదానికే తెలుసు.

ఎమర్జెన్సీ జనంతో కిటకిటలాడుతోంది. గుమ్మం దగ్గర బల్ల వేసుకున్న నర్సు థర్మామీటరు పెట్టి చూసింది. తొంభై తొమ్మిది.

"ఎప్పటి నుంచి? ఇంట్లో ఎంత ఉంది?" హిందీలో అడిగింది.

"థోడా గరమ్ లగా, బస్," కాస్త వెచ్చగా అనిపించింది, అంతే, అన్నాడు త్యాగరాజు, అలవాటు చొప్పున.

"ఠీక్ హై. అక్కడ కూర్చోండి, పిలుస్తాం."

అక్కడ నలభై మంది ఉన్నారు. తన వంతు వచ్చేసరికి తను ఉంటుందో ఉండదో. అన్నపూర్ణేశ్వరికి కాళ్లలో సత్తువ జారిపోతోంది. భర్త భుజం పట్టుకుని కుర్చీల వైపు రెండడుగులు వేసి, విదిలించుకుని వెనక్కి వచ్చింది. బల్ల అంచు పట్టుకుంది.

"సిస్టర్, రెండు గంటలకు నూట రెండు ఉంది. జ్వరం. మాత్ర వేసుకుని దాచాను, అందుకే ఇప్పుడు తగ్గినట్టుంది. నాకు క్యాన్సర్. మూడో కీమో అయి ఇవాళ్టికి పదో రోజు." హిందీలో, ఒక్క ముక్క తడబడకుండా చెప్పింది.

నర్సు లేచి నిలబడింది. పది నిమిషాల్లో మంచం, రక్తపరీక్ష, చేతికి సూది, యాంటీబయాటిక్ సీసా. గంటకు రిపోర్టు పట్టుకుని సాత్విక వచ్చింది. తెల్ల కణాలు వేలల్లో ఉండాల్సినవి మూడు వందలున్నాయి. "నాలుగు గంటలు దాచారా ఆంటీ? ఇంకాసేపు ఆ కుర్చీలో కూర్చుని ఉంటే..." అని ఆగింది. "మందు ఎక్కుతోంది. రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేను. ఇప్పుడు చేసుకోండి మీ శ్వాస. మందు పని మందు చేస్తుంది."

ఆమె వెళ్లాక త్యాగరాజు మంచం పక్కన నిలబడ్డాడు.

"నాతోనైనా చెప్పకూడదూ?"

"ఎలా చెప్పనండీ? మీరు మరీ ధైర్యంగా ఉన్నారు." ఆమె ఆయన వైపు తిరిగింది. "నాకు భయంగా ఉందండీ."

ఛ, అలా అనకూడదంటూ ఆమె నోటి మీదికి చెయ్యి తీసుకెళ్లాడు ఆయన. మధ్యలోనే ఆ చెయ్యి ఆగింది. దించి, సూది లేని ఆమె చేతిని పట్టుకున్నాడు.

"నాక్కూడా అన్నపూర్ణా. మొదటి రోజు నుంచీ."

అప్పుడు ఏడ్చింది ఆమె, బతుకుతానో లేదోనని కాదు. ఈ మనిషి కూడా తనలాగే, ఒకే ఇంట్లో, గోడకు అవతల ఒంటరిగా భయపడ్డాడని తెలిసి ఏడ్చింది.