తీగ నొక్కకుండా వాయించానని

రెండేళ్ల క్రితం ఆకివీడులో చేపల చెరువులున్న ఒక ఆసామి ఇంట గృహప్రవేశానికి నా వయొలిన్ కచేరీ పెట్టారు. చివర్లో తీగను నొక్కకుండా, సరిగ్గా సగం దగ్గర వేలికొసతో తాకి కమాను లాగాను. అలా తాకితే తీగ ఈల వేసినట్టు సన్నగా పలుకుతుంది.

ఆసామి లేచి నా దగ్గరకే వచ్చారు. "ఏవండీ, మీ వేలు తీగ మీద ఆనడమే లేదు. ఈ పెట్టెలో పాట పెట్టేసి మమ్మల్ని వెర్రివాళ్లని చేస్తున్నారేంటండీ?" అంటూ పక్కనున్న శ్రుతిపెట్టె ఆపేశారు.

ఒళ్లు మండింది. మళ్లీ అక్కడే తాకి కమాను లాగాను. అదే ఈల పలికింది.

"అయితే ఇంకోటెక్కడో దాచారండి," అని అంతమంది ముందు నా వయొలిన్ కేసు తెరిచి బోర్లించారు. దువ్వెన, చేతిరుమాలు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్ కింద పడ్డాయి. జనం నవ్వారు. అవన్నీ నేనే వంగి ఏరుకున్నాను.

మొన్న ఆయనే ఫోన్ చేశారు. "మా అమ్మాయి పెళ్లండి. మీరే వాయించాలి."

"నేనెందుకండీ? ఆ శ్రుతిపెట్టెనే పిలిపించుకోండి," అని పెట్టేశాను.

అండీ అంటూనే మనిషిని అంతలా అవమానించవచ్చని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.