రెండు రంగుల సాక్ష్యం

నేను చెప్పే సంగతుల్లో సగం అబద్ధాలని మా వీధిలో అందరికీ తెలుసు. ఏ సగమన్న దగ్గరే వాళ్లకు తగాదా. ఇది మాత్రం నా అబద్ధాన్ని నలుగురిలో నేనే మింగాల్సి వచ్చిన రోజు సంగతి. దీనికి మసాలా కలపడానికి నాకే మనసు రాదు.

అరవైల మొదట్లో మాట. ఆలేరుకు రెండు కోసుల దూరంలో మా సాలోళ్ల వీధి. బాపు పోయాక చిన్నాయన దగ్గరే నేత నేర్చుకుని, పెళ్లయ్యాక కూడా ఆయన పక్క మగ్గం మీదే కూర్చునేవాణ్ణి. నూలు షావుకారుది, నేత మాది. చీరలన్నీ అయ్యాక పడుగు కొసన మిగిలే గుడ్డ మూడు మూరల లోపుంటే నేసినవాడిదే. అంతకు మించి దాచుకున్నాడని తేలిందా, ఆ మనిషికి ఇక ఏ షావుకారూ నూలివ్వడు. మగ్గం ఉన్నా లేనట్టే.

ఆ ఏడు షావుకారు పట్నం దుకాణం కోసమని మా వీధికి అలవాటు లేని నేత ఒకటి చిన్నాయనకు అప్పగించాడు. పడుగు, అంటే నిలువు పోగులు, ఎరుపు; పేక, అంటే అడ్డం పోగులు, ఆకుపచ్చ. ఆ పని ముగిసిన వారానికి షావుకారు మనిషి వచ్చి కులపెద్దల ముందు ఫిర్యాదు పెట్టాడు. చిన్నాయన ఒక చీర ఎక్కువ నేసుకుని ఆలేరు అంగట్లో అమ్ముకున్నాడట. చూసినవాళ్లు ఇద్దరున్నారట.

నిజం చాలా చిన్నది. కొసన మిగిలిన ముక్కను నేనే కత్తిరించి చేతికిచ్చాను. మనవరాలికి లంగా కుట్టించమని ఆయన దాన్ని అంగడినాడు ఆలేరులో ఉండే బిడ్డకిచ్చి వచ్చాడు. చిక్కల్లా ఒక్కటే. మేం దాన్ని కొలవలేదు. "మూడు మూరలుంటది తీయిరా" అని చిన్నాయన కళ్లతో చూసి అన్నాడు, నేను కత్తెర పెట్టాను.

పంచాయితీ పొద్దున్నే చిన్నాయన ఇంటి ముందు కూర్చుంది. నలభై ఏళ్లుగా నేత తప్ప మరో పని ఎరగని మనిషి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు. ఆయన నోరు తెరిచేలోపల నేను లేచాను. ముక్క మాట ఎత్తితే కొలవమంటారు, మొదట్లోనే తెంపేద్దామనుకున్నాను.

"అంగడినాడు చిన్నాయన ఆలేర్ల లేడు తాతా. ఇద్దరం అచ్చంపేట పోయినం. బస్సుకు చిరుతపులి అడ్డమొచ్చింది. డ్రైవర్ హారన్ కొడితే అది కూసున్న జాగల నుంచి లేవలె."

నలుగురూ నవ్వారు. చిన్నాయన నవ్వలేదు.

సాక్షుల్లో మొదట గాజులమ్మే ఆమె చెప్పింది. "ఈయన భుజం మీద ఎర్రచీర ఉండె. నా కండ్లతోని చూసిన." తర్వాత బండాయన. "ఎర్రది కాదు, ఆకుపచ్చది. నా బండి పక్కనుంచే పోయిండు."

నాకు ఇంకేం కావాలి. ఆ గుడ్డ ఒక పక్కనుంచి ఎర్రగా, మరో పక్కనుంచి ఆకుపచ్చగా కనిపిస్తుందని, ఇద్దరూ నిజమే చెబుతున్నారని, అక్కడున్న అందరికంటే నాకు బాగా తెలుసు. అయినా అన్నాను.

"ఒకరు ఎర్రది అంటరు, ఒకరు పచ్చది అంటరు. ముందు మీ చీర ఏ రంగో తేల్చుకొని రాండ్రి."

మళ్లీ నవ్వులు. షావుకారు మనిషి ముఖం మాడిపోయింది. గెలిచామనుకున్నాను. అప్పుడు కులపెద్ద, అంతసేపూ చుట్ట నములుతూ ఉన్న ముసలాయన, మెల్లగా చిన్నాయనను అడిగాడు.

"మొన్న నీ మగ్గం మీద పడుగేం రంగు?"

"ఎరుపు."

"పేక?"

చిన్నాయన నావైపు చూశాడు. "ఆకుపచ్చ."

ఎవరూ నవ్వలేదు. నేను వెక్కిరించిన రంగులే ఇద్దరి సాక్ష్యాన్నీ ఒక్కటి చేశాయి. చిన్నాయన చుట్టూ ఉచ్చు బిగించింది నేనే.

"రెండు రంగులు ఒక్క గుడ్డల ఉంటయి బిడ్డా," అన్నాడు ముసలాయన నాతో. "ఒక్క మనిషి ఒక్కనాడు ఆలేర్ల, అచ్చంపేటల ఎట్లుంటడు? గది చెప్పు."

"అబద్ధమాడిన తాతా."

"ఎప్పుడు? ఇందాకనా, ఇప్పుడా?"

జవాబు చెప్పినా నమ్మేవాళ్లు లేరు. చివరికి చిన్నాయనే లేచి ముక్క సంగతి చెప్పాడు. ఇప్పుడు ఆయన మాట కూడా నా నోట్లోంచి వచ్చినట్టే వినిపించింది. కులపెద్ద ఒక మనిషిని ఆలేరు పంపాడు. "కుట్టించి ఉంటే ఏం కొలుస్తరు?" అని పిన్ని గుమ్మంలో నిలబడి తనలో తనే అనుకుంటోంది. మధ్యాహ్నం దాకా ఎవరూ అన్నానికి లేవలేదు.

గుడ్డ వచ్చింది. కుట్టించలేదు. ముసలాయన మోచేయి ఆనించి కొలిచాడు. ఒకటి. రెండు. మూడో మూరకు గుడ్డ అంచు ఆయన వేలికొసను అందుకోలేకపోయింది. మూడు మూరల లోపే.

"నా చేతితోని కొలువుండ్రి," అన్నాడు షావుకారు మనిషి, తన పొట్టి చెయ్యి చాపి. ఆ చేతికి బెత్తెడు ఎక్కువే వచ్చింది.

ఇద్దరి కొలతా తప్పు కాదు. కానీ మగ్గానికి నూలు రావడమా, రాకపోవడమా, రెండింట్లో ఒకటే జరగాలి.

"ఈ వీధిల ఎప్పుడూ కులపెద్ద మూరనే," అన్నాడు ముసలాయన. "వీనికి పడుగు పంపమని మీ షావుకారుకు చెప్పు."

పడుగు వచ్చింది. మగ్గం మీది పాత పోగుల కొసలకు కొత్తవి నేనే అతికాను. ఆ తర్వాత బతికినన్నాళ్లూ చిన్నాయన కొస ముక్కను రెండు మూరల దగ్గరే ఆపేసేవాడు, మిగిలిన పోగులు నేయకుండా వదిలేసి. కత్తెర మాత్రం నా చేతికి మళ్లీ ఇవ్వలేదు.