అథ్లెట్ బటన్

అలిపిరికి పోయే దారి పక్కన ఒక మడత బల్ల. దాని ముందు కొత్త జిమ్ వాళ్ళ బరువు యంత్రం. బిగుతు టీషర్టులో వాళ్ళ ట్రైనర్. ఎదురుగా ఇడ్లీ బండి. ఒకప్పుడు జిల్లా జట్టుకు కబడ్డీ ఆడిన ముగ్గురు, మూడు పొట్టలతో. అందులో ఒకరు మా నాయన. ఆయన్ని నడిపించుకొచ్చిన నేను.

మనిషి ఊరికే పడుకున్నా ఒంట్లో రోజుకు ఎన్ని కేలరీలు ఖర్చవుతాయో ఆ యంత్రం చెబుతుంది. కొలిచి కాదు, ఊహించి. ఊహించే ముందు ఒకటి అడుగుతుంది: మామూలు మనిషా, అథ్లెటా? అథ్లెట్ అంటే కండ ఎక్కువని నమ్మేసి, ఖర్చు కూడా ఎక్కువ రాస్తుంది.

“అథ్లెట్ నొక్కప్పా. ఇంగేం నొక్కుతావు?” అన్నాడు నాయన.

ట్రైనర్ నొక్కాడు. కండ ఎప్పుడో పోయి ఆ చోట కొవ్వు చేరిందని చెప్పడం అతని ఉద్యోగంలో లేదు. 2,210 వచ్చింది. మిగతా ఇద్దరికీ అదే బటన్, అదే సంబరం.

“ఆట మానేసి ముప్పై ఏళ్ళయింది నాయనా,” అన్నాను.

“పులి ముసిల్దైతే పిల్లి అయితాదా అబ్బా?” అన్నాడు నాయన స్నేహితుడు. ఆ పులి నేరుగా ఇడ్లీ బండి దగ్గరికి నడిచింది.

నాయన మోకాలు అరిగిపోయింది. పది కిలోలు తగ్గితేనే ఆపరేషన్ అని చిత్తూరు డాక్టరు తేల్చేశాడు. నాయన లెక్క వేరు: 2,210 పడుకున్నందుకే పోతుంది, నడక దానికి అదనం, కాబట్టి రాత్రికి ఇంకో సంగటి ముద్ద. రెండు నెలల్లో మూడు కిలోలు పెరిగాడు. ఇంటి మెట్లు కూర్చుని దిగడం మొదలుపెట్టాడు, జిల్లా జట్టు అథ్లెట్.

నేను పనిచేసే ల్యాబుకు తీసుకెళ్ళాను. పరగడుపున పడుకోబెట్టి, తల మీద గాజులాంటి మూత పెట్టి, ఆయన వాడుకునే ఆక్సిజన్‌ను నిజంగానే కొలిచాం. దాన్నిబట్టి తేలిన కేలరీల ఖర్చు 1,720.

“మీ మిషన్ సెడిపోయిండాది,” అన్నాడు. ఇంటికొచ్చాక మొదటి మెట్టు మీదే కూలబడ్డాడు. పైకి ఎక్కించడానికి పక్కింటాయన్ని కూడా పిలవాల్సి వచ్చింది.

ఆదివారం మళ్ళీ అదే బల్ల, అవే పొట్టలు. ట్రైనర్ అడక్కుండానే అథ్లెట్ నొక్కబోయాడు.

“అది వద్దప్పా. మామూలు మనిషి నొక్కు,” అన్నాడు నాయన.

“ఏమిరా, కప్పులు గూడా ఎనక్కిచ్చేస్తావా?” స్నేహితుడు పగలబడి నవ్వాడు.

“నొప్పి నా మోకాలికిరా. నువ్వు పోయి వడ తినుపో.”

ట్రైనర్ నొక్కాడు. 1,785.