మేనకోడలి గొంతు

మొన్న కృష్ణగిరి బస్టాండు పక్కన టీ అంగట్లో కూర్చుంటే టీవీలో సీరియల్ వస్తున్నది. అందులో తల్లి వేషం మా అక్క కూతురిదే. పెదవులు ఆమెవి, కన్నీళ్లు ఆమెవి, గొంతు మాత్రం ఇంకెవరిదో. హోసూరు ఫ్యాక్టరీలో పనిచేసే ఆంధ్రా ఆయనొకడు నా పక్కన కూర్చుని, "ఆవిడ గొంతు ఎంత బాగుంటుందండీ!" అన్నాడు. సగం టీ అక్కడే పెట్టేసి లేచొచ్చాను.

మా ఈడు వాళ్లకు తెలుసు, తమిళనాట ఈ పక్క మా బడుల్లో తమిళమే. తెలుగు అక్షరాలు నేను మామిడి మండీలో పండ్ల కింద పరిచే పాత పత్రికలు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. అందుకే అచ్చులో ఉన్నదే తెలుగనీ, మన నోట వచ్చేది మోటనీ నాకొక మొండి నమ్మకం. ఊత్తంగరై పక్కన మేకలు కాసుకునే ఇంటి నుంచి ఆ పిల్ల తెలుగు సినిమాకు ఎంపికై, మాటలున్న మొదటి వేషం దొరికిందని సంబరంగా చెప్పడానికి వస్తే, ఈ యాడా ఈడాలతో పోతే మన పరువేం కావాలని కోప్పడ్డాను. "వాళ్లకు ఈ మాటలే కావాలంట మామా!" అని అది నవ్వింది. నేను వినలేదు. షూటింగు దాకా కూర్చోబెట్టి, దాని నాలుకను పత్రిక భాషకు తిప్పాను.

షూటింగుకు తోడు పోయింది కూడా నేనే. తప్పిపోయిన తండ్రిని వెతుక్కుంటూ, "యాడికి పోయినావు నాయనా" అని ఏడవాల్సిన చోట, "ఎక్కడికి వెళ్లారు నాన్నగారూ" అన్నది. "మేకలు కాసే పిల్లవా, పంతులమ్మవా?" అన్నాడు దర్శకుడు. అందరూ నవ్వారు. మళ్లీ చెప్పమంటే, నోరు తెరిచే ముందు ప్రతిసారీ నా వైపే చూసింది. చివరికి ఇంకొకరి చేత డబ్బింగు చెప్పించారు. ఆ తర్వాత చెల్లెలి వేషాలు, వదిన వేషాలు, ఇప్పుడు తల్లి వేషాలు ఎన్ని వచ్చినా, ఆమెకు డబ్బింగే అన్నది ఖాయమైపోయింది, నీ గొంతేదమ్మా అని అడిగిన పుణ్యాత్ముడు లేడు. ఆ దర్శకుణ్ణి ఏళ్లతరబడి నలుగురిలో తిట్టిపోశాను. ఆ పిల్ల చూసింది అతని వైపు కాదు గదా.

ఇప్పుడేమో మన యాసకు గిరాకీ వచ్చింది, పట్నం హీరోయిన్లకు దాన్ని నేర్పడానికి జీతమిచ్చి మనుషుల్ని పెడుతున్నారట. సిగ్గుపడి దాచుకున్నది మేము, ముచ్చటపడి నేర్చుకునేది వాళ్లు.

పోయిన నెల ఆమె వచ్చిందంటే అక్క ఇంటికి పోయాను. "ఏమ్మా, నువ్వింకా ఈడే కూసోనుండావా? మేకలు నీకంటే ముందే తినేసి పండుకున్నాయి పో!" అని తల్లిని ఆటపట్టిస్తున్న గొంతు వాకిట్లోకే వినిపించింది. ఎంత కమ్మగా ఉందో! ఇంకాసేపు విందామని ఆగాను గానీ, నా చెప్పుల చప్పుడు విన్నట్టుంది, లేచి కొంగు సర్దుకున్నది.

"రండి మామయ్యగారూ, కూర్చోండి. ఆరోగ్యం ఎలా ఉంది?"

ఒక్క అక్షరమూ తప్పు లేదు.