బూజు మీద బకెట్టు సున్నం

ఆ రోజుల్లో గ్రంథాలయంలో ఒక్క పుస్తకం చదివితే చాలు, లోకాన్ని సగం బాగుచేసేయొచ్చని నా నమ్మకం. మా మిల్లు నీళ్ల రంగు పోగొట్టింది నేనేనని గుడివాడలో ఇప్పటికీ కొందరంటారు. అసలు సంగతి రాసిపెట్టకపోతే చివరికి నేనే నమ్మేసేలా ఉన్నాను. అందుకే ఇది.

వరిగడ్డి ఉడికించి అట్టలు చేసే చిన్న మిల్లు మాది. నాది గడ్డి తూకం పని. మిల్లు వదిలే నీళ్లు కాఫీ డికాషన్‌లా ఉండేవి. కాలవ కింది రైతులు రోజూ గేటు దగ్గర గొడవ. మానుని కుళ్లబెట్టే తెల్లబూజు ఆ రంగుని కూడా తినేస్తుందని చదివి, ఓనరుగారి దగ్గర నోరు జారాను. "పదిరోజులు టైమిస్తున్నా. గ్లాసులో పోస్తే అవతల నా వేలు కనపడాలి. లేదంటే ఆ లైబ్రరీలోనే ఉద్యోగం చూసుకో" అన్నారాయన.

మా బావ కలప అడితిలో కుళ్లిన మామిడి దుంగ మీంచి బూజు గీకి తెచ్చి, గడ్డిలో పెంచి, మిల్లు ఆవరణలోనే డ్రమ్మెడు మిల్లు నీళ్లలో వేశాను. రోజూ దానికి బెల్లం మేత. (ఇంట్లో పాయసం బందు.) ఎనిమిదో రోజుకి డికాషన్ కాస్తా టీ అయింది. తొమ్మిదో రోజు ఆదివారం. అమ్మ చర్చిలో బూజు కోసం ప్రార్థన కూడా చేయించింది. నేను చర్చి నుంచి మిల్లుకొచ్చేసరికి, అక్కడ వాచ్‌మన్‌గా ఉన్న మావయ్య డ్రమ్ము పక్కన చేతులు కడుక్కుంటున్నాడు. కృత్తివెన్నులో రొయ్యల చెరువు చేసి, తెగుళ్లతో చితికిపోయి వచ్చిన మనిషి.

"డ్రమ్ము నిండా తెల్లగా తెగులు పట్టేసిందల్లుడూ. నువ్వొచ్చేదాకా ఆగితే మొత్తం పోద్దని, చెరువులో కొట్టినట్టే బకెట్టు సున్నం కొట్టేశా."

"అది తెగులు కాదు మావయ్యా! నేనే పెంచుతున్నా!"

"తెగుల్ని పెంచుతారంటయ్యా ఎవరైనా? మరి రొయ్యలో?"

"రొయ్యల్లేవు!"

"మరి బెల్లం ఎవరికేస్తున్నావ్?"

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

సోమవారం ఓనరుగారు వచ్చారు. బూజు చచ్చి అడుక్కి చేరింది. పైన నీళ్లు తేటగా ఉన్నాయి. గ్లాసు అవతల ఆయన వేలు, ఉంగరంతో సహా కనపడింది. "శభాష్! భలే బూజురా!" నేను నోరు తెరిచేలోపే మావయ్య, "మా అల్లుడు చదువుకున్నోడండీ" అన్నాడు. ఆ శభాష్‌ని నేనే జేబులో వేసుకున్నాను.

సాయంత్రం గ్రంథాలయానికి పరుగెత్తాను. సున్నం వేస్తే ఆ రంగు విరిగి అడుక్కి దిగుతుందని అదే పుస్తకంలో, నేను తిప్పని తరువాతి పేజీలోనే ఉంది. ఆ తరవాత మిల్లు నీళ్లన్నీ చేరే పెద్ద తొట్టిలో కూడా బూజు వెయ్యమన్నారు ఓనరుగారు. వేశాను, సున్నంతో సహా.

పుస్తకం ఇచ్చిన లైబ్రేరియన్‌గారికి, దుంగ గీక్కోనిచ్చిన అడితి బావకి, ప్రార్థన చేయించిన అమ్మకి, అందరికంటే ముందు మా సున్నం మావయ్యకి కృతజ్ఞతలు. గేటు దగ్గర కనపడితే ఇప్పటికీ, "రొయ్యలెప్పుడేస్తావల్లుడూ?" అంటాడు. ఒక్క పేజీ తిప్పడానికి బద్ధకించి, బూజుకి రోజూ బెల్లం మోసిన ఆ కుర్రాడి మీద, అంటే అప్పటి నా మీద, నాకున్న కోపం ఆ మాటతో చల్లారిపోతుంది.