తాతయ్య పేనిన వెంటి

నా చిన్నప్పుడు మేము విజయవాడకు దిగువన, కాలువ గట్టునే ఉన్న ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. డెబ్బైల నాటి సంగతి. మాది తాటాకు ఇల్లు. చినుకు పడితే చాలు, నా కళ్ళు కప్పు వైపే పోయేవి. నేను పుట్టు పిరికిదాన్ని, ఆ మాట చెప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గేమీ లేదు. ఇంట్లో ఎవరైనా రావడం ఆలస్యమైతే ఈ వయసులోనూ వీధి గుమ్మం వదలను.

ఆ రోజు మా నాన్న క్రిస్మస్ బట్టలు కొనడానికి మొదటి బస్సుకే విజయవాడ వన్ టౌన్ వెళ్ళాడు. అప్పటికి సన్నటి జల్లు మాత్రమే. మధ్యాహ్నానికల్లా ఆకాశం నల్లబడి గాలి ఈల వేయసాగింది. తాతయ్య ఇరుగుపొరుగు వాళ్ళను పిలిచి, కొబ్బరి తాళ్ళతో ఇంటి కప్పును గుంజలకు బిగించి కట్టించాడు. ఆ పని అవుతుండగానే కబురొచ్చింది, కాలువకు గండి పడిందనీ, బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయనీ.

"మామయ్య గారూ, ఈయన బయల్దేరారో లేదో ఎలా తెలుస్తుందండీ?" అంది అమ్మ. తాతయ్య చేతిలో తాడును ఇంకాస్త బిగించాడు. అమ్మ లోపలికి వెళ్ళి సిలువ పటం ముందు మోకరించింది. ఇక లేవలేదు. పొయ్యి ముట్టించలేదు. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది ఆ ఆరిపోయిన పొయ్యిని చూసి. గుంజను పట్టుకుని ఏడుపు మొదలుపెట్టాను.

తాతయ్య నన్ను కసిరాడు. "ఏడిస్తే కప్పు ఆగుద్దా? కట్టిన తాళ్ళు చాలవు. ఇంకా వెంటి పేనాలి. రా ఇటు."

వెంటి అంటే ఎండుగడ్డితో పేనిన తాడు. కోతలయ్యాక ఆ వెంటిని గుండ్రంగా చుట్టుకుంటూ పోయి, లోపల ధాన్యం పోసి, వాకిట్లో పురి కట్టేవాళ్ళు. ఆ పనిలో మా తాతయ్య చెయ్యి తిరిగినవాడు. ఆయన పేనిన వెంటి మొదలు నుంచి చివరిదాకా ఒకే లావున ఉండేది. ఊళ్ళో ఎవరింట్లో పురి కట్టాలన్నా ఆయనకే కబురు వచ్చేది.

పశువుల కొట్టంలో కూర్చున్నాం. గడ్డి మీద నీళ్ళు చిలకరించి మెత్తబరిచాడు. నేను కూర్చుని గడ్డి అందిస్తుంటే, ఆయన కొసను పుల్లకు తగిలించి తిప్పుతూ వెనక్కి వెనక్కి నడిచేవాడు. పాత పరక అయిపోకముందే కొత్త పరక కలపాలి. తక్కువైతే వెంటి సన్నబడి తెగుతుంది, ఎక్కువైతే ఉండ కడుతుంది. ఉరిమినప్పుడల్లా నా చెయ్యి అదిరి గుప్పెడు గడ్డి ఒకేసారి పడేది. "ఉండ కట్టింది చూడు! మనసంతా గడ్డి మీదే ఉండాలి" అని తాతయ్య అక్కడినుంచే అరిచేవాడు.

"నాన్న వస్తాడా తాతయ్యా?"

"వస్తాడు. ముందు పరక కలుపు."

ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. మెల్లగా నా అడగడం తగ్గింది. ఇల్లు నిలబడటం నా వేళ్ళలోనే ఉందనుకున్నాను మరి. వేళ్ళు ఒరుసుకుపోయాక తాతయ్య నన్ను లేపి, తాను కూర్చుని గడ్డి అందించాడు. నేను పుల్ల తిప్పాను. దీపాల వేళ దాటాక ఎప్పుడో ఆ గడ్డిలోనే నిద్రపోయాను.

తెల్లవారాక గోల విని లేచాను. మా నాన్న మోకాళ్ళదాకా బురదతో, తడిసిన బట్టల మూట నెత్తిన పెట్టుకుని, గట్టు మీద నడుచుకుంటూ వచ్చేశాడు. అమ్మ ఏడుస్తూనే పొయ్యి ముట్టించింది. ఇల్లు నిలిచింది. నేను నాన్న చెయ్యి పట్టుకుని, నా వెంటిని చూపించాలని బయటికి లాక్కెళ్ళాను. కప్పు మీద ఒక్క గడ్డి పోగు లేదు. అన్నీ నిన్నటి కొబ్బరి తాళ్ళే.

నాకు రోషం వచ్చింది. వెళ్ళి అడిగితే తాతయ్య నవ్వాడు. "గడ్డి వెంటితో గాలివానకి కప్పు కడతారటే పిచ్చిదానా? అది పురికి పనికొస్తుందిలే. నువ్వు ఊరికే కూర్చుంటే ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుందువు."

నన్ను మోసం చేశాడని కొట్టంలోకి వెళ్ళి ఆ వెంటి చుట్టను కోపంగా విప్పాను. మొదట పేనినదంతా నేను గడ్డి అందించిన భాగం, ఉండలు ఉండలుగా ఉంది. తర్వాతది తాతయ్య అందించినది. అందులో నావాటికంటే పెద్ద ఉండలున్నాయి. రెండు చోట్ల పీచంత సన్నబడింది కూడా. ఊరంతా మెచ్చుకునే ఆ చేతులు పేనిన వెంటి అది. రాని కొడుకు కోసం ఆయన ఎంత హడలిపోయాడో ఆ గడ్డి చెప్పేదాకా నాకు తెలియలేదు. చప్పుడు చేయకుండా మళ్ళీ చుట్టి పెట్టేశాను. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు మిషన్లతో కోస్తున్నారు, ధాన్యం కళ్ళంలోంచే లారీ ఎక్కుతోంది. పురి కట్టిన వాకిలి చూసి ఎన్నేళ్ళయిందో. అయినా మనవలు పరీక్ష ఫలితాల కోసమో, ఇంకా ఇల్లు చేరని వాళ్ళమ్మ కోసమో ఫోను పట్టుకుని అల్లాడుతుంటే, పాత చీర పేలికలు ముందేసి వెంటి పేనిస్తాను. దేనికి నానమ్మా అంటారు. కాళ్ళు తుడుచుకునే పట్టా చేద్దాం, ముందు పేలిక కలపండి అంటాను. పరక కలిపే ఒడుపు వాళ్ళ వేళ్ళకు బాగానే పట్టుబడింది. ఆ కాస్తయినా మిగిలినందుకు నాకు సంతోషం.

నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒక అలవాటు ఉండిపోయింది. ఎవరైనా "ఏం కాదు, భయపడకు" అని నాకు ధైర్యం చెబుతుంటే, వాళ్ళ మొహం చూడను. చేతులు చూస్తాను. అవి వణుకుతుంటే నా చేతుల్లోకి తీసుకుంటాను.