ఎద్దు పండుకున్న తావు

నేను కాపురానికొచ్చిన రెండో ఏడు. అప్పటికి అత్తింటి పొయ్యి, అత్తింటి కడవలు నాకు అలవాటైనయి గని, ఎడ్లు మాత్రం ఇంక నన్ను నమ్మలేదు. గడ్డి ఏస్తే మొదలు నా చెయ్యి వాసన చూసేటివి, ఆ తర్వాతనే మూతి పెట్టేటివి. నా పుట్టిల్లు గట్టు ఊరి దిక్కు, అంత మెట్ట. ఈ ఊరు నాగర్‌కర్నూల్ దగ్గర. ఇక్కడ బాయి కింద మక్కజొన్న ఏసుకుంటరు. మక్క చేను నేను ఇక్కడికొచ్చినంకనే చూసిన.

"మీ గట్టుల గాలి తిని బతుకుతరా పిల్లా?" అని మా అత్త ఎక్కిరించేది. నేను తల వంచుకొని నవ్వుతుంటి.

ముందటేడు వానలు ఎగబెట్టినయి. ఏటా ఎండకాలం వస్తే గొర్లోళ్లు మందలు తోలుకొచ్చి, కోత అయిపోయిన చేన్ల పండబెట్టేటోళ్లు. గొర్లు పండుకున్న చేనుకు ఇంక వేరే ఎరువు అక్కర్లేదు. పొద్దున పోయి చూస్తే నేలంత పెంటికలు, ఉచ్చ తడి. ఒక్క మంద పండితే ఆ భూమి రెండు పంటలదాక సత్తువ మీద ఉంటది. ఆ ఏడు మేత లేక గొర్లోళ్లు ముందుగాల్నే మన్ననూరు అడవి దిక్కు పోయిన్రు. మా బాయికింది చేన్ల ఒక్క గొర్రె పండలేదు. ఇంట్ల పెంట సుత తక్కువనే. పశువు తింటే గద పెంట వచ్చేది. ఉన్న కాస్త జొన్న చేనుకే పోయింది.

మా ఇంటాయన రోడ్డు పనికి పోయిండు, కంకర కొట్టనీకె. ఇంట్ల నేను, అత్త, మామ. కొట్టంల రెండు ఎడ్లు. తెల్లెద్దు వయసుల ఉన్నది. ఎర్రెద్దు ముసలిది, మా ఇంటాయన గోలీలాడే నాటి కోడె. మామ ఇంట్లకొస్తే మొదలు మాతోని మాట్లాడడు, కొట్టంలకు పోయి ఎర్రెద్దు గంగడోలు నిమిరి వస్తడు. "మనకంటె అదే ముద్దు ఆయనకు" అని అత్త అనేది. అట్లంటనే నాకంటె ముందు లేచి కుడితి పెట్టేది ఆమెనే.

తొలకరికి మక్కలు ఏసినం. జొన్న చేతికొచ్చేదాక ఇల్లు గడవాల్నంటే ఆ మక్కలే దిక్కు. ఎడ్లకేమో చొప్ప అయిపోయింది. ఎర్రెద్దు పక్కటెముకలు దూరంకెల్లి కనపడుతున్నయి. అప్పుడు మామకు ఆ ఆలోచన వచ్చింది. వాగు ఒడ్డున మెత్తటి తీపి గడ్డి ఉంటుండె, ఎడ్లు ఎగబడి తినేది. దాని పిలకలు తవ్వుకొచ్చి మక్క సాళ్ల నడుమ నాటుదామన్నడు.

"ఒక్క తడికే మనకు తిండి, ఎడ్లకు తిండి అయితది" అన్నడు.

"ఒక్క పల్లెంల ఇద్దరిని కూసోపెడుతున్నవు. ఎవరు ఎక్కువ తింటరో చూసుకో" అన్నది అత్త.

"నువ్వు తినకుండ చూసుకో, చాలు."

ఇద్దరు నవ్విన్రు. నేను పిలకలు నాటిన, అత్త మన్ను ఒత్తింది. గడ్డి తొందరగనే పట్టుకున్నది. కోసి ఏస్తే ఎర్రెద్దు కండ్లు మూసుకొని నమిలేది. మామ దాని ముందల కూసొని, అది తినుడు చూసుకుంట తన గిన్నెల గట్క చల్లార్చుకుంటుండె.

మక్కలు మోకాటి ఎత్తు దాటినంక అసలు కష్టం మొదలైంది. కింది ఆకులు కొసల కాడ పసుపు పడ్డయి. ఆ పసుపు నడిమి ఈనె పట్టుకొని లోపలికి పాకుతున్నది. గడ్డి మాత్రం నిగనిగలాడుతున్నది. మామ చూసి, నీళ్లు చాల్తలేవన్నడు. బాయిలకెల్లి నీళ్లు తోడనీకె ఎడ్లకు మోట కట్టిండు. పొద్దుగాల కడితే ఎండ నెత్తికెక్కేదాక ఇప్పకపోతుండె.

అత్త ఒకరోజు ఆకు చేతిల పట్టుకొని చెప్పింది. "నీళ్లు తక్కువైతే ఆకు చుట్టుకుంటదయ్యా. ఇది చుట్టుకుంటలేదు. ఎన్ని నీళ్లు పోసినా కడుపు నిండుతదా? భూమిల సత్తువ లేదు. ఉన్నది గడ్డి తాగుతున్నది."

"ఇంట్ల కూసొని చెప్పుడు అలకగనే ఉంటది" అన్నడు మామ. మోట ఆపలేదు.

ఎంత తోడితే అంత పసుపు. నీళ్లతోని మిగిలిన సత్తువ సుత కిందికి దిగిపోయిందని తర్వాత మాకు తెలిసింది. ఎర్రెద్దు మోట దారిల కిందికి దిగుడు, ఎనుకకు ఎక్కుడు, మళ్ల దిగుడు. ఒకరోజు దిగుతుంటనే దాని ముందటి కాళ్లు మడతపడ్డయి. మోకాళ్ల మీద పడ్డది. నిండిన మోట బాయిల పడి నీళ్లు ఎగిసిన సప్పుడు నాకు ఇప్పటికీ యాదికున్నది. మామ కాడి ఇప్పి, దాని తల ఒళ్లె పెట్టుకొని కూసున్నడు. లేపినం, నడిపించినం, ఇంటికి తెచ్చినం. కొట్టంల పండుకున్నది. మళ్ల మోటకు రాలేదు.

అటెన్క మామ చేన్లకు పోవుడు తగ్గించిండు. పసుపు చూసొస్తే అన్నం తినకపోతుండె. నేను, అత్తనే గడ్డి కోసకరానీకె పోయేది. అట్ల పోయినప్పుడు ఒక మూలకు అత్త నిలబడిపోయింది. తుమ్మచెట్టు పక్క మక్కలు నల్లగ ఉన్నయి, అంత పచ్చగ. నా భుజాల ఎత్తు. అక్కడ సుత సాళ్ల నడుమ గడ్డి ఉన్నది. గడ్డి ఉన్నా మక్కలు ఎదిగినయి.

"ఎండకాలం ఎడ్లను ఈడ కట్టేసేటోళ్లం గదా" అన్నది అత్త మెల్లగ. కూసొని మన్ను చేతిలకు తీసుకొని వాసన చూసింది. "ఉచ్చ తాగిన మన్ను పిల్లా ఇది."

ఆ పొద్దు ఇంటికి పోయినంక కొట్టం గడప మీద కూసొని మామతోని చెప్పింది. కొట్టంల నేల ఎన్నో ఏండ్లది, ఎడ్ల ఉచ్చ తాగి తాగి ఉన్నది, జానెడు లోతు తవ్వి మక్కల మొదట్ల పోద్దామని.

మామ లేచి నిలబడ్డడు. "ఎద్దు పండుకున్న తావు తవ్వుతవా?"

కొత్తదాన్ని కాబట్టి నాకు ఆ మాటల అర్థం అప్పుడు తెల్వలె. ఆ ఊర్ల ఒక ఆనవాయితీ ఉండె. ఎద్దు సచ్చిపోతేనే అది పండుకున్న నేల తవ్వుతరు. పాత మన్ను తీసి ఊరి బయట పారబోసి, కొత్త మన్ను నింపినంకనే ఇంకో ఎద్దును ఆడ కడతరు. బతికున్న ఎద్దు కింద తవ్వుడంటే, దాని సావుకు దారి చేసుడన్నట్టు.

"మక్కలు రాకపోతే కోడలికి ఏం పెడతవు? నాకేం పెడతవు?" అన్నది అత్త.

"నన్ను తవ్వి పోయ్ అయితే" అన్నడు మామ. అని బయటికి పోయిండు.

తెల్లారి మామ తెల్లెద్దును పక్క బాయోళ్ల మోటకు జోడు కట్టనీకె తోలుకపోయిండు. అత్త నా దిక్కు చూసింది. ఇద్దరం ఎర్రెద్దును లేపినం. అది లేవనీకె చానసేపు పట్టింది. ఇంటి ముందటి పందిరి కింద గడ్డి పరిచి పండబెట్టినం. అత్త గడ్డపార పట్టుకున్నది, నేను గంప పట్టుకున్న. నేల రాయి తీరు గట్టిగ ఉండె. ఒక పెళ్ల లేవంగనే ఆ ఘాటుకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అత్త కండ్లల్ల నీళ్లు ఘాటువే అనుకున్న.

పక్కింటామె గోడ మీదికెల్లి తొంగి చూసింది. తవ్వుడు చూసింది గని పందిరి కింద ఎద్దు ఆమెకు కనపడలేదు.

"అయ్యో, పోయిందా అక్కా? ఎప్పుడు పోయింది?" అన్నది.

అత్త గడ్డపార ఆపింది. నేను చెప్పేలోపల్నే ఆమె గోడ దిగి పోయింది. ఊర్ల మాట ఎంతసేపట్ల తిరగాలె? బాయికాడ మామకు ఎవరో చెప్పిన్రు. ఆయన తెల్లెద్దును మోటకే ఇడిచిపెట్టి ఉరికొచ్చిండు. రుమాలు ఏడ పడ్డదో, నెత్తి మీద లేదు. వాకిట్లకు వచ్చి ఆగిండు.

ఎర్రెద్దు పందిరి కింద గడ్డి నములుతున్నది. ఆయనను చూసి చెవులు ఆడించింది.

మామ దాని పక్కన కూలబడ్డడు. దాని మెడ మీద చెయ్యి ఏసి గంగడోలు నిమిరిండు. అత్త మన్ను పట్టిన చేతులతోనే కొట్టం గడపల నిలబడ్డది.

"బతికున్నదాన్ని ఊరంత సచ్చిందనిపించినవు" అన్నడు. తిట్టినట్టు అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

మన్ను పోసినం. చిదిపి, మక్కల మొదట్ల చుట్టూరు ఏసి, పైన మన్ను కప్పినం. సాలు ఇడిచి సాలు గడ్డి పీకేసినం. మిగిలిన గడ్డిని ఎదగనియ్యకుండ పొట్టిగ కోసుకుంట వచ్చినం. అటెన్క ఒక మెత్తటి వాన పడ్డది. పసుపు పడ్డ ఆకులు మళ్ల మారలేదు గని, కొత్తగ వచ్చిన ఆకులు పచ్చగ వచ్చినయి. కంకులు చిన్నయే. అయినా గింజ పట్టినయి.

మేము కంకులు ఇరిచే ముందే ఎర్రెద్దు పోయింది. పందిరి కిందనే. కొట్టంల కొత్త మన్ను పోసినా దాన్ని మళ్ల లోపలికి కట్టనీకె మామ ఒప్పుకోలేదు. ముసలిది, పడ్డది, మేత తక్కువ, పోయేదేనని ఊరోళ్లన్నరు. ఆ ఏడు మక్క గట్క ఆయన ముట్టలేదు. ఉలవలు ఉడకబెడితే అవే తిన్నడు. ఆయన ముందల అత్త సుత మక్కలు తినకపోతుండె. పొయ్యి పక్క, నా ఎనుక కూసొని, నోరు చప్పుడు కాకుండ తినేది. తోడి తోడి ఎద్దును పడేసింది ఎవరని ఒక్క మాట అడగొచ్చు ఆమె. అడగలేదు. ఆయనకు ఆ సంగతి తెలుసని ఆమెకు తెలుసు.

మళ్ల ఎండకాలం వచ్చింది. గొర్లోళ్లు ఆ ఏడు సుత రాలేదు. ఒకరోజు పొద్దున్నే కొట్టంలకెల్లి సప్పుడొస్తే నేను, అత్త పోయి చూసినం. తెల్లెద్దును బయట కట్టేసిండు. మామ ఒక్కడే గడ్డపారతోని అది పండుకునే తావు తవ్వుతున్నడు.

అత్త గడప దాటలేదు. "ఎద్దు బతికే ఉన్నది గద" అన్నది.

మామ మెడ ఎత్తలేదు. "కింద బండ ఉన్నట్టుంది. జర గంప అందుకో" అన్నడు.

అత్త గంప పట్టుకొని లోపలికి పోయింది.